తల్లి మనస్సు – ఆర్తధ్యానము

మన యిండ్లలో అందరికంటె ముందు లేచునది తల్లి. నీళ్ళు వడకట్టుట, కాచుట, పొయ్యి చుట్టు చీమయైనను లేకుండ మెత్తగా ఊడ్చుట, పప్పు బియ్యము కంటితో చూచి ఏరుట, ప్రొద్దు గ్రుంకకముందే అంగడికి క్యారియరు పంపుట – ఇవి యన్నియు అహింసాధర్మము ఇంటిలో నిలుచుటకై ఆమె ప్రతిదినము చేయు పనులు. కంటికి కానరాని జీవములను గూడ ఆమె కాపాడుచున్నది. అయితే ఆ జీవకోటిలో తానును ఒక జీవమే యను సంగతి ఆమెకు జ్ఞప్తికి వచ్చుట అరుదు. ఇంటివారికి వచ్చుట మరియు అరుదు.

ఉపవాసములు చేయుచున్నదా, సామాయికమునకు కూర్చున్నదా, అతిథులకు లోపము లేకుండ చూచినదా యని మనము విచారింతుము. “అమ్మా, నీ మనస్సు ఎట్లున్నది?” అని అడుగువారు ఎందరు? అడుగకపోవుటకు కారణము ప్రేమ లేకపోవుట గాదు. తల్లి దుఃఖమును కొందరు సహజమని విడిచివేయుదురు; కొందరు త్యాగమని పొగడుదురు; కొందరు బలహీనత యని కసరుదురు. ఈ మూడును సరికావు. మన శాస్త్రము ఆ దుఃఖమునకు ఎన్నడో పేరు పెట్టినది. దాని జాతులను విడదీసి చూపినది. దానినుండి మరలు త్రోవను గూడ చెప్పినది. ఆ పాఠమును తల్లుల నిత్యజీవితమునకు అన్వయించి చూచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ధ్యానము నాలుగు విధములు

ఉమాస్వాతి వాచకుల తత్త్వార్థసూత్రము శ్వేతాంబర దిగంబరులు ఉభయులు ప్రమాణముగా స్వీకరించిన గ్రంథము. దాని తొమ్మిదవ అధ్యాయమున ధ్యానము ఆర్తము, రౌద్రము, ధర్మ్యము, శుక్లము అని నాలుగు విధములుగా చెప్పబడినది. కడపటి రెండును మోక్షమునకు హేతువులు. మనస్సు ఒకదానిపై నిలుచుటయే ధ్యానమైనప్పుడు, దుఃఖముపై నిలిచిన మనస్సును గూడ ధ్యానమనియే పిలువవలసి యున్నది. దానికే ఆర్తధ్యానమని పేరు.

ఆర్తధ్యానము మరల నాలుగు రకములు. అప్రియమైనది వచ్చి పడినప్పుడు అది ఎప్పుడు తొలగునా యని తలచుట అనిష్టసంయోగము. ప్రియమైనది దూరమైనప్పుడు అది ఎప్పుడు తిరిగి వచ్చునా యని తలచుట ఇష్టవియోగము. శరీరబాధను గూర్చియే తలచుట వేదన. రాబోవు భోగమును, ఫలమును కోరి తలచుట నిదానము.

ఇచ్చట మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది: దుఃఖము కలుగుటయే ఆర్తధ్యానమని సూత్రకారులు చెప్పలేదు. దానిని మరల మరల స్మరించుట, మనస్సును అచ్చటికే మరల మరల తీసికొనిపోవుట – ఇది ఆర్తధ్యానము. కాలికి ముల్లు గ్రుచ్చుకొనుట వేరు. గ్రుచ్చుకొన్న చోటును దినమెల్ల వ్రేలితో కెలుకుట వేరు. అమెరికాకు చెందిన మనస్తత్త్వ శాస్త్రవేత్త సుసాన్ నోలెన్-హోక్సీమా 1991లో ప్రకటించిన సిద్ధాంతమును ఈ సందర్భమున చెప్పుకొనవచ్చును. బాధను, దాని కారణములను ఊరక నెమరువేసికొనువారికి క్రుంగుబాటు ఎక్కువకాలము నిలుచుననియు, ఈ నెమరువేత పురుషులయందుకంటె స్త్రీలయందు అధికమనియు ఆమె చెప్పినది. శాస్త్రకారుల దృష్టి ఆత్మశుద్ధి మీద, ఆమె దృష్టి రోగనివారణ మీద. అయినను ఇరువురును వ్రేలు పెట్టి చూపినది ఒకే చోటు.

రెండవది: ఆర్తధ్యానము ఎవరికి కలుగును? వ్రతము లేనివారికి, అణువ్రతములు గల గృహస్థులకు, ప్రమత్తసంయతులైన మునులకు గూడ కలుగునని సూత్రము చెప్పుచున్నది. మునులకు నిదానమొక్కటి తప్ప తక్కిన మూడును సంభవించునని పూజ్యపాదాచార్యులు తమ సర్వార్థసిద్ధి వ్యాఖ్యలో వివరించిరి. ఇల్లు విడిచి, వాకిలి విడిచి, మహావ్రతములు దాల్చినవారికే తప్పనిది, చంకలో బిడ్డతోను పొయ్యిమీద పాలతోను ఉన్న తల్లికి కలిగినదనిన సిగ్గుపడవలసిన పని యేమున్నది? “ఇంత ధర్మము చేసియు నా మనస్సు ఇట్లున్నదే” యని తనను తాను నిందించుకొనుట దుఃఖముపై మరియొక దుఃఖమును పేర్చుటయే యగును.

మూడవది: ఉత్తమమైన దేహదార్ఢ్యము గలవారికి సైతము ఏకాగ్రమైన చింత అంతర్ముహూర్తమునకు మించి నిలువదు. ముహూర్తమనగా 48 నిమిషములు, అనగా రెండు ఘడియలు. దుఃఖచింతయు ఈ నియమమునకు లోబడినదే. అది ఎడతెగక ప్రవహించునట్లు తోచును గాని, నిజమునకు తెగి తెగి మరల మొదలగుచుండును. ఆ తెగినచోటనే మనకు అవకాశమున్నది.

ఇష్టవియోగము

పిల్లలు పెద్దవారై చదువునకు, వ్యాపారమునకు, వివాహమై అత్తవారింటికి పోవుదురు. బళ్ళారిలో పెరిగిన పిల్ల బరంపురము కోడలగును. సోలాపురపు పిల్లవాడు అమెరికాలో ఉద్యోగము చేయును. తల్లికి ఇల్లు పెద్దదగును, చేతికి పని తగ్గును, మనస్సుకు మాత్రము పని హెచ్చును. ఏమి తినుచున్నాడో, రాత్రిభోజన నియమము విడిచినాడేమో, జ్వరము వచ్చిన ఎవరు చూతురో యని ఆమె తలపోయుచుండును.

శ్వేతాంబర సంప్రదాయమున మరుదేవీమాత వృత్తాంతము దీనికి చక్కని దృష్టాంతము. ఋషభదేవుడు దీక్ష వహించి వెడలిన పిదప ఆమె వేయి సంవత్సరములు కుమారుని తలచి తలచి కన్నీరు కార్చినది, చూపు మసకబారినది. “నీవు రాజ్యభోగములలో నున్నావు; నా బిడ్డ ఎండకు వానకు ఎట్లున్నాడో” యని మనుమడైన భరతుని ఆక్షేపించుచుండెడిది. ఋషభప్రభువునకు కేవలజ్ఞానము కలిగిన వార్త వచ్చినంతనే భరతుడు ఆమెను ఏనుగుపై ఎక్కించి సమవసరణమునకు తీసికొనిపోయెను. అచ్చటి దివ్యవైభవమును గుర్తించిన తోడనే ఆమె కన్నుల మసక విడిపోయెను. తాను ఇంతకాలము ఊహించుకొన్న ఆకలిగొన్న కుమారుడు ఎచ్చటను లేడు. ఎవరికి ఎవరు తల్లి, ఎవరికి ఎవరు కొడుకు అను విచారము ఆమెయందు ఉదయించెను. ఏనుగుపై కూర్చున్న చోటనే కేవలజ్ఞానమును పొంది సిద్ధురాలయ్యెను. దిగంబర సంప్రదాయమున ఈ వృత్తాంతము ఈ రూపమున లేదు. అయినను తల్లి మనస్సును గూర్చిన పాఠముగా దీనిని ఎవరైనను గ్రహింపవచ్చును.

భరతుడు చేసిన పనిని చూడుడు. “ఏడువకుము అవ్వా” యని మందలింపలేదు. వేదాంతము బోధింపలేదు. తీసికొనిపోయి చూపించినాడు. ఊహను నిజముతో మాన్పవలెను. దూరమున నున్న పిల్లలు వారమునకు రెండుమార్లు తీరికగా తల్లితో మాటాడుట, ఆమెను ఏడాదికొకసారియైన తమ యింటికి రప్పించుకొనుట భరతుడు చూపిన మార్గమే.

వియోగము మరణమువలన కలిగినదైనచో త్రోవ మరింత కఠినము. ఇచ్చట మన తెలుగుదేశముతో సంబంధము గల యొక తల్లిని స్మరింపవలెను. ఆమె దానచింతామణి అత్తిమబ్బె. ఆమె తండ్రి మల్లపయ్య వంశము వేంగీదేశపు కమ్మనాటికి చెందినది. పదవ శతాబ్ది చివర భర్త నాగదేవుడు యుద్ధమున మరణించినప్పుడు ఆమె చెల్లెలును, నాగదేవునికే మరియొక భార్యయునైన గుండమబ్బె సహగమనము చేసెను. అత్తిమబ్బె పసికుమారుని కొరకు బ్రతికి నిలిచెను. బిడ్డను పెంచెను. పొన్నకవి శాంతిపురాణమునకు వేయి తాటాకు ప్రతులు వ్రాయించి పంచెను. ఆమె ఆదరణలో రన్నకవి 993లో అజితపురాణమును ముగించెను. 1007 నాటి లక్కుండి శాసనము ఆమె దానములను నేటికిని చాటుచున్నది. దుఃఖము ఆమెకు లేకపోలేదు. ఆ దుఃఖమును నెమరువేయుచు కాలము గడపుటకు మారుగా, చేతులకు ఒక పుణ్యకార్యమును అప్పగించినది.

అనిష్టసంయోగము

క్రొత్తగా వచ్చిన కోడలికి ఇల్లు క్రొత్త, ఊరు క్రొత్త, భాష క్రొత్త. ఇంటిలో ఒక మాట, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో. పుట్టింట తెలుగులో కలలు కన్న పిల్ల కూరగాయల బండి దగ్గర వ్రేళ్ళు చూపి బేరమాడవలసి వచ్చును. బిడ్డ బడికి పోయిన ఆరునెలలలో ఆ ఊరి భాష నేర్చుకొనును. తల్లి అచ్చటనే నిలిచిపోవును. బిడ్డ ఉపాధ్యాయురాలితో మాటాడుటకు గూడ మరియొకరి సాయము కావలసి వచ్చును. దీనికితోడు తోడికోడండ్ర పోలికలు, అన్నదమ్ముల పంపకములలోని తగవులు, అత్తగారి యొక మాట, ఆడపడుచు యొక చూపు.

మన పూర్వులు నాలుగు భావనలను బోధించిరి. సర్వజీవులయందు మైత్రి, గుణాధికులయందు ప్రమోదము, బాధపడువారియందు కరుణ, చెప్పినను వినని అవినీతులయందు మాధ్యస్థ్యము. అనిష్టసంయోగమున పడిన తల్లికి ఈ నాల్గవది మిక్కిలి ఉపకరించును. మాధ్యస్థ్యమనగా నోరు మూసికొని క్రుళ్ళుట గాదు. చేయదగినది చేసి, చెప్పదగినది చెప్పి, ఎదుటివాని స్వభావమును మార్చు భారమును తన తలపై పెట్టుకొనకుండుట. ఏ మాటకు బదులు చెప్పవలెనో, ఏ మాటను గాలికి విడువవలెనో తెలిసికొనుట. భాష రాకపోవుట చేయదగిన పని కలిగిన కష్టము. దినమునకు పది మాటలు నేర్చుకొన్నచో ఏడాదిలో అది తీరును. ఒకరి స్వభావము అట్టిది గాదు. ఈ రెండింటిని వేరు చేయగలిగిన సగము భారము దిగును.

ఒక హెచ్చరిక. కొట్టుట, బెదరించుట, తిండి గాని వైద్యము గాని డబ్బు గాని అందకుండ చేయుట – వీనిని పూర్వకర్మఫలమని ఓర్చుకొమ్మని శాస్త్రము ఎచ్చటను చెప్పలేదు. హింస చేయువానికి అడ్డు చెప్పకుండుట అహింస గాదు. గృహహింసనుండి స్త్రీలను రక్షించుటకు 2005లో చట్టము చేయబడినది. 181 అను ఫోను నెంబరునకు పిలిచి సహాయము పొందవచ్చును. సంఘపెద్దలు ఇట్టి సంగతులను “ఇంటి గుట్టు” అని కప్పిపెట్టరాదు.

వేదన

శరీరబాధ మనస్సును లాగును. తల్లుల విషయమున ఇది ముఖ్యముగా ప్రసవానంతరము కానవచ్చును. బిడ్డ పుట్టిన మొదటి దినములలో కారణము లేకుండ కన్నీరు వచ్చుట, చిరాకు, నిదుర పట్టకుండుట అనేకులకు కలుగును. సాధారణముగ రెండు వారములలో తగ్గును. రెండు వారములు దాటియు తగ్గక, బిడ్డమీద మమత పుట్టక, తాను పనికిరానిదాననను తలపు పీడించుచున్నచో అది ప్రసవానంతరపు క్రుంగుబాటు అను రోగము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము వర్ధమాన దేశములలో ప్రసవించిన స్త్రీలలో నూటికి ఇంచుమించు ఇరువదిమంది మానసిక రుగ్మతకు, ముఖ్యముగ క్రుంగుబాటునకు, లోనగుచున్నారు. అనగా ఐదుగురిలో ఒకరు. అది ఆమె దోషము గాదు, దిష్టి గాదు, పుట్టింటివారి పెంపకలోపము గాదు. దానికి చికిత్స గలదు, నయమగును. రక్తహీనత, థైరాయిడు లోపము గూడ ఇట్టి నీరసమును కలిగింపవచ్చును గనుక వైద్యునివద్ద రక్తపరీక్ష చేయించుట మేలు.

కల్పసూత్రమున త్రిశలాదేవి వృత్తాంతమును పర్యుషణ దినములలో ఏటేట మనము విందుము. తల్లికి నొప్పి కలుగరాదని గర్భస్థుడైన వర్ధమానుడు కదలక యుండెను. శిశువునకు ఏమైనదోయని త్రిశల మిక్కిలి శోకింపగా రాజగృహమున సంగీతమంతయు నిలిచిపోయెను. ఆమె శోకము నెరిగి వర్ధమానుడు కదలెను. తలిదండ్రులు జీవించియుండగా దీక్ష వహింపనని అప్పుడే సంకల్పించెను. పిమ్మట ఆమె శోకము, భయము, ఆయాసము లేకుండ, మితమైన హితమైన ఆహారముతో గర్భమును మోసినదని గ్రంథము వర్ణించుచున్నది. పదునాలుగు స్వప్నములను మనము వేడుకతో చూతుము. వెండి స్వప్నములకు వేలము పాడుదుము. తల్లి దుఃఖించిన నాడు ఇల్లంతయు సంగీతమాపిన ఆ ఘట్టమును గూడ అంత శ్రద్ధతో వినవలెను.

తపస్సు విషయమున ఒక మాట. తీర్థంకర నామకర్మకు హేతువులని చెప్పబడిన పదునారు భావనలలో త్యాగమును శక్తికి తగినట్లు చేయుట, తపస్సును శక్తికి తగినట్లు చేయుట అనునవియు గలవు. శక్తికి తగినట్లు అను మాట శాస్త్రకారులది, మన సౌకర్యము కొరకు మనము కల్పించినది గాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, క్రుంగుబాటుకు మందు తీసికొనుచున్నవారు అఠాయి వంటి దీర్ఘోపవాసములకు పూనుకొనుటకు ముందు వైద్యుని అడుగవలెను. “మీ కోడలు ఈ యేడు ఏమి తపస్సు చేయుచున్నది?” అని నలుగురిలో అడిగి ఆమెను ఇరకాటమున పెట్టరాదు.

నిదానము

నాల్గవది మన వర్తక కుటుంబములలో సూక్ష్మముగ దాగియుండు ఆర్తధ్యానము. కుమారుడు సి.ఎ. పరీక్ష గట్టెక్కవలెను, కుమార్తెకు మేలైన సంబంధము రావలెను, అంగడి రెండు కావలెను. కోరుట గృహస్థునకు సహజమే. అయితే ఓలీ దినములలో ఆయంబిలము చేయుచు దాని ఫలముగ కొడుకు మార్కులను లెక్కించిన, తపస్సు బేరమగును. బేరము కుదరనినాడు తల్లి రెండు విధముల నష్టపోవును. కొడుకు తప్పినాడను దుఃఖమొకటి, తన తపస్సు వ్యర్థమైనదను దుఃఖమొకటి.

నిదానమునకు నేటి ఇంధనము పోలిక. వాట్సాప్‌లో పరుల పిల్లల ర్యాంకులు, పెండ్లి బొమ్మలు, విదేశయాత్రలు ప్రతి ఉదయము వచ్చి పడుచుండును. అందరును తమ జమలను చూపుదురే గాని ఖర్చులను చూపరు. ఒకవైపు పద్దు చూచి పరుల అంగడి లాభనష్టములు నిర్ణయించు వర్తకుడు గలడా?

“నేను మంచి తల్లిని కాలేకపోతిని” అను మాట అనేకుల నోట వచ్చుచున్నది. ఇంగ్లండు దేశపు శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడునైన డొనాల్డ్ వినికాట్ ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున ఒక మాట చెప్పెను: బిడ్డకు లోపమే లేని తల్లి అక్కరలేదు, చాలినంత మంచి తల్లి చాలును. మొదట బిడ్డ అక్కరలన్నిటికి ఒదిగియుండి, బిడ్డ ఓర్చుకొనగలిగినకొలది క్రమముగ ఆ ఒదుగుటను తగ్గించుకొను తల్లివలననే బిడ్డ లోకమును తెలిసికొనునని ఆయన అభిప్రాయము. చిన్న చిన్న లోపములు బిడ్డకు గూడ పాఠములే. పిల్లవాని కర్మ పిల్లవానిది, పురుషకారము పిల్లవానిది. తల్లి నిమిత్తమాత్రము. ఈ సత్యము ఆమె పూనికను తగ్గించుటకు గాదు, ఆమె గుండెపై బరువును తగ్గించుటకు.

వైరాగ్యమా? విషాదమా?

ఇప్పుడు మనవంటి ధర్మనిష్ఠ గల కుటుంబములు ముఖ్యముగ ఎరుగవలసిన సంగతి. ఒక తల్లి మాట తగ్గించినది, నగలు, చీరలు వలదన్నది, తిండి తగ్గించినది, గదిలో ఒంటరిగ కూర్చుండుచున్నది. ఇంటివారు “ఆమెకు వైరాగ్యము కలిగినది” అని సంతసింతురు. అది వైరాగ్యమైనచో ధన్యత. క్రుంగుబాటైనచో, మనము సంతసించుచుండగనే ఆమె మునిగిపోవుచున్నది.

రెండింటికి గుర్తులు వేరు. ప్రశమము, అనుకంప సమ్యక్త్వమునకు లక్షణములని చెప్పబడినవి. వైరాగ్యము గలవారి ముఖమున శాంతి యుండును. ఆకలిని వారు గెలుతురు. క్రుంగినవారికి ఆకలియే పుట్టదు. విరాగికి స్వాధ్యాయమున రుచి హెచ్చును. క్రుంగినవారికి పుస్తకము తెరచినను అక్షరము ఎక్కదు. విరాగి నిదుర తేలిక. వీరికి తెల్లవారుజామున మెలకువ వచ్చి దిగులు మీదపడును. విరాగికి పరులయెడ కరుణ పెరుగును. వీరికి కన్నబిడ్డ ఏడ్చినను చేయి కదలదు. “నేను లేకపోయినచో మీకందరికి సుఖము” అను మాట వినబడినచో దానిని తత్త్వమని ఎంచరాదు. కోపపు మాట యని త్రోసిపుచ్చరాదు. ఆమెను ఒంటరిగ విడువక ఆ దినముననే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ అను సేవకు 14416 నెంబరున పిలిచిన ఉచితముగ సలహా దొరకును, తెలుగులోను మాటాడవచ్చును. ఏ రాష్ట్రమున స్థిరపడినవారికైనను ఇది ఉపకరించును.

జ్వరమునకు మందు తీసికొనుట ధర్మవిరుద్ధము గానట్లే దీనికి మందు తీసికొనుటయు ధర్మవిరుద్ధము గాదు.

రెండు ఘడియల సాధన

రోగము వేరు, నిత్యము కలుగు దిగులు వేరు. ఈ రెండవదానికి తల్లి తనకు తాను చేసికొనదగిన సాధన మన యింటిలోనే యున్నది. అది 48 నిమిషముల సామాయికము. సమభావమును పొందుట సామాయికము. ఆ రెండు ఘడియలలో ఆమె ఎవరికి భార్య గాదు, ఎవరికి కోడలు గాదు, ఎవరికి తల్లి గాదు, ఆత్మ మాత్రమే.

సామాయికమున కూర్చున్నను మనస్సు పొయ్యి చుట్టు తిరుగుచున్నదని చెప్పువారికి ఈ క్రమము ఉపకరింపవచ్చును. మొదట మనస్సును పీడించుచున్న తలపునకు పేరు పెట్టవలెను: ఇది వియోగమా, సంయోగమా, వేదనయా, నిదానమా? పేరు పెట్టినంతనే ఆ తలపు కొంత దూరము జరుగును. పిమ్మట, దీనికి నేడు నేను చేయగలిగిన పని యొకటి యున్నదా యని అడుగుకొనవలెను. ఉన్నచో, సామాయికము ముగిసిన తరువాత చేయుదునని నిశ్చయించి విడువవలెను. లేనిచో భావనను పట్టుకొనవలెను. వియోగమునకు అనిత్యభావన, ఏకత్వభావన, సంయోగమునకు మాధ్యస్థ్యము, వేదనకు దేహము వేరు ఆత్మ వేరను అన్యత్వభావన, నిదానమునకు పరుల మేలు చూచి సంతసించు ప్రమోదము. మనస్సు మరల జారును. జారినప్పుడు విసుగుకొనక, నడక నేర్చు బిడ్డను పట్టి నిలిపినట్లు మరల నిలుపవలెను. ఈ పనిలో తల్లికున్న అనుభవము మరెవరికి గలదు?

సాయంకాలము ప్రతిక్రమణము. అంగడిలో చిట్టా సరిచూడక తాళము వేయము. తప్పు దొరికిన దిద్దుదుము. దిద్దిన పద్దును మరునాడు మరల తప్పుగ వ్రాసికొనము. బాకీ తీరిన పత్రమును చించివేయుదుము. తల్లులు మాత్రము బిడ్డను కసరిన పాపమునకు మిచ్ఛామి దుక్కడం చెప్పియు, రాత్రియంతయు అదే పద్దును మరల మరల తిరుగవ్రాయుదురు. చెల్లిన బాకీని వసూలు చేయుట అన్యాయము, అది తననుండి తాను వసూలు చేసికొన్నను.

దీనికి శాస్త్రాధారము గలదు. దుఃఖము, శోకము, తాపము, ఆక్రందనము మొదలగువానిని తనకు గాని, పరులకు గాని, ఉభయులకు గాని కలిగించుట అసాతావేదనీయ కర్మబంధమునకు హేతువని తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయమున చెప్పినది. తనకు అను మాట అందు మొదట నున్నది. తన్ను తాను కాల్చుకొనుటయు హింసయే.

ఇంటివారి ధర్మము

“రెండు ఘడియలు నాకు ఎవరిత్తురు?” అని తల్లి అడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనది. చంటిబిడ్డ గల కోడలికి 48 నిమిషములు దానముగ లభింపవలసినదే. జీవులు పరస్పరము ఉపకారము చేసికొనుటకే యున్నవని మన సూత్రము. అది సంఘపు చిహ్నము క్రింద వ్రాసికొనుటకు మాత్రమే గాదు. “ఏమమ్మా, నీవు పోయి కూర్చుండుము, బిడ్డను నేను చూచుకొందును” అని అత్తగారు అన్న ఒక్క మాట పెద్ద దానము. ఆ అత్తగారును ఒక తల్లియే, ఆమెకు ఆ మాట ఆ కాలమున ఎవరును చెప్పి యుండకపోవచ్చును. భర్త అంగడినుండి గంటముందు వచ్చి పిల్లలను చూచుకొనిన వ్యాపారమునకు వచ్చు లోటు స్వల్పము. ఇంటికి వచ్చు లాభము అధికము.

మహిళామండలులు స్తవనపు పోటీలతోపాటు నెలకొకమారు క్రొత్త తల్లులను చేర్చి మాటాడుకొను ఏర్పాటు చేయవచ్చును. అచ్చట విన్నది బయట చెప్పరాదను నియమము ఒక్కటి పెట్టుకొన్న చాలును. క్రొత్త కోడండ్రకు ఆ ఊరి భాష నేర్పు పెద్దముత్తైదువలు ప్రతి ఊరను గలరు.

సంవత్సరీ నాడు మనము వందలకొలది పరిచితులకు ఫోనులో క్షమాపణ సందేశములు పంపుదుము. ఈ యేడు మొదట వంటయింటి గడపవద్ద నిలిచి, పేరుపెట్టి, దేనికో చెప్పి, ఆ ఇంటి తల్లిని క్షమ అడుగుదము గాక. సర్వజీవులను క్షమింతునని చెప్పునప్పుడు ఆ తల్లియు ఆ సర్వజీవులలో తన్ను గూడ ఒకతెగ చేర్చుకొనును గాక.

మండలులలో చర్చింపదగిన ప్రశ్నలు

1. ఆర్తధ్యానము నాలుగు రకములేవి? ఒక్కొక్కదానికి మీ నిత్యజీవితమునుండి ఒక్కొక్క ఉదాహరణమును చెప్పుడు.
2. దుఃఖము కలుగుటకును ఆర్తధ్యానమునకును భేదమేమి?
3. మరుదేవీమాత విషయమున భరతుడు చేసిన పని నేటి పిల్లలకు ఏమి నేర్పుచున్నది?
4. వైరాగ్యమునకును క్రుంగుబాటునకును గల గుర్తులను వివరింపుడు.
5. మీ యింటి తల్లికి దినమునకు రెండు ఘడియలు లభించుటకు ఎవరెవరు ఏయే పనిని పంచుకొనవలెను? నేడే నిర్ణయించుకొనుడు.